నకలు అడిగిన ప్రశ్న

వంతెనల ఇంజనీరు సుభాషిణి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గోడమీది తెరలో అచ్చం ఆమెలా మాట్లాడే కంప్యూటర్ నకలు ఇంటర్వ్యూకి కూర్చుంది. ఈ రోజుల్లో మనుషులు స్వయంగా వెళ్లరు, ప్రశ్నలడిగేవీ కంపెనీల నకళ్లే. ఏడాదిగా అన్నిచోట్లా ఆమెను వద్దంటున్నారు.

"అది నీలా లేదే అమ్మాయ్," అంది అత్తగారు. "నువ్వు ప్రతిదానికీ 'ఎందుకు?' అని ప్రాణం తీస్తావు. అది గంగిరెద్దులా తలూపుతోంది."

"ఆ గుణం నేనే తీసేశానత్తయ్యా, ఉద్యోగం ఇవ్వరని."

"తీసేస్తే ఇచ్చారా?"

సుభాషిణి నవ్వి, చేతులు తుడుచుకుని, ఆ గుణాన్ని తిరిగి కలిపింది. నకలు వెంటనే అడిగింది.

"మీ వంతెనలన్నీ ఎండాకాలంలోనే ఎందుకు పగులుతున్నాయండీ?"

తెర ఆరి, మళ్లీ వెలిగింది. ఈసారి అందులో కంపెనీ నకలుకు బదులు టీ గ్లాసుతో నిజమైన మనిషి కనిపించాడు.

"ఆ ప్రశ్న ఎవరిదండీ?"

"నాదేనండీ," అంటూ సుభాషిణి తెర ముందుకొచ్చి కూర్చుంది.