మెడమీది పట్టీ

రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళందరి మెడమీదా నొప్పి తెలియకుండా కంపెనీవాళ్ళు పెట్టిన మందుపట్టీ అతికే ఉంటుంది. గుండె దడదడలాడితే చాలు, నొప్పే అనుకుని మందు వదులుతుంది. వరహాలమ్మ భుజంనొప్పి ఎప్పుడో పోయింది. ఇప్పుడు పట్టీ తీస్తే మాత్రం కారణం లేని భయం, ఒళ్ళంతా వణుకు.

ఆ పొద్దున పక్కనున్న అచ్చియ్యమ్మ వేలు రొయ్యలు ఒలిచే మిషన్‌లో తెగింది. ఆమె నవ్వుతూనే ఇంకో రొయ్య అందుకుంది.

"మిషన్ ఆపండి! దాని వేలు తెగిపోయిందండీ!" అని అరిచింది వరహాలమ్మ.

"ఆవిడకి లేని బాధ నీకెందుకే?" అన్నాడు సూపర్‌వైజరు.

వరహాలమ్మకి ఒళ్ళు మండింది. గుండె వేగానికి పట్టీ మందు వదిలింది. కోపం చల్లారిపోసాగింది.

"నా కోపం కూడా నీకు నొప్పేనా, దిక్కుమాలినదానా!" అంటూ పట్టీ పీకి పారేసింది. భయం ముంచుకొచ్చింది. అయినా అచ్చియ్యమ్మ పట్టీ కూడా పీకింది.

అచ్చియ్యమ్మ కేక పెట్టింది. షెడ్డులో ప్రతి చెయ్యీ రొయ్యని వదిలేసి, పీకెయ్యడానికి మెడమీది పట్టీని పట్టుకుంది.