పెద్దక్క వంటగది

"ఆ మూత తియ్యమ్మా."

"ఎందుకు సార్, ఈగలు వాల్తాయి."

"తియ్యమన్నానా!"

పెద్దక్క మూత తీసింది. ఆ వీధి మొత్తానికి ఆవిడ పెద్దక్కే. ఆ చిన్న భోజన హోటలుకి యజమానురాలూ ఆవిడే, వంటమనిషీ ఆవిడే. గిన్నెలో కలిపిపెట్టిన పిండి ఉంది. దాని మీద ముందే వాలి, మళ్ళీ లేవలేకపోయిన ఈగలు ఆరేడు ఉన్నాయి.

ఫుడ్ ఇన్‌స్పెక్టరు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటివి?"

"ఇవాళ్టివే సార్, పాతవి కావు."

ఒక ఈగని వేలితో ఏరి పారేసి, ఆ వేలిని నడుముకి చుట్టుకున్న తువ్వాలుకి తుడుచుకుంది పెద్దక్క. అదే తువ్వాలుతో మెడ మీది చెమట ఒత్తుకుంది. అదే తువ్వాలుతో ఒక పళ్ళెం తళతళలాడేలా తుడిచి బల్ల మీద పెట్టింది.

"కూర్చోండి సార్. వేడివేడిగా వడ్డిస్తాను."

ఇన్‌స్పెక్టరు పొయ్యి దగ్గరికి నడిచాడు. బాణలిలో నూనె బండి ఇంజన్లోంచి తీసినట్టు నల్లగా, చిక్కగా ఉంది. అడుగున మాడిన ముక్కల మధ్య ఒక బొద్దింక వెల్లకిలా, కాళ్ళు పైకి పెట్టుకుని, కరకరలాడేలా వేగి ఉంది. కూరలు తరిగే చెక్కని గోడ మీంచి తీసి తిప్పి చూశాడు. వెనకవైపు తడి ఆరని పగుళ్ళల్లో తెల్లటివేవో కదిలాయి. గబుక్కున వదిలేశాడు.

పెరట్లో పళ్ళేలు కడిగే తొట్టి ఉంది. నీళ్ళు బూడిద రంగుకి తిరిగి, పైన జిడ్డు మీగడలా పేరుకుని ఉంది.

"ఈ నీళ్ళు ఎప్పుడు మార్చావు?"

"మొన్న వాన పడిందిగా సార్."

వెంట వచ్చిన అటెండరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు.

"అది పనిచెయ్యదు సార్. ఊరికే బీరువాలాగా వాడుకుంటున్నాం."

తెరిచాడు. లోపలి కంపు తడిగుడ్డతో కొట్టినట్టు మొహానికి తగిలింది. పై అరలో టమాటాలు కుళ్ళి నీరు కారుతున్నాయి. ఆ నీరు బొట్టు బొట్టుగా కింది అరలో మూత లేని కూర గిన్నెలో పడుతోంది. గిన్నె పక్కనే ఒక దువ్వెన. దువ్వెన నిండా జుట్టు.

ఇన్‌స్పెక్టరు పరుగున వీధిలోకి వచ్చి కాలవ పక్కన వంగాడు. పొద్దున తాగిన కాఫీ మొత్తం బయటికొచ్చేసింది. అటెండరు పాపం కంగారుపడి లోపల్నుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి అందించాడు. గ్లాసు అంచున ఎవరివో వేళ్ళ జిడ్డు, ఒక ఎండిన మెతుకు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వంగాడు.

లోపల మూల బల్ల దగ్గర ఒక ముసలాయన మాత్రం తల ఎత్తకుండా తింటున్నాడు.

"తాతా, లే! అది తినొద్దు!" గుమ్మంలోంచి అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంకో నాలుగు ముద్దలే నాయనా," అన్నాడు ముసలాయన. "చూడకుండా తింటే బాగానే ఉంటుంది. నువ్వే అనవసరంగా అన్నీ చూస్తున్నావు."

అటెండరు ముసలాయన్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. చెయ్యి కడుక్కోనివ్వమని ఆయన తొట్టివైపు వెళ్ళబోతే ఇద్దరూ కలిసి ఆపారు.

ఇన్‌స్పెక్టరు తాళం చేతిలోకి తీసుకోగానే పెద్దక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇన్నేళ్ళలో తిన్న ఒక్కరికీ ఏమీ కాలేదు సార్. దీన్ని మూసేస్తే నేనెలా బతకాలి?"

"నువ్వు బతకడానికి ఊళ్ళోవాళ్ళ ప్రాణాలు తియ్యమంటావా? ముందు ఇదంతా కడిగించు. ఆ నూనె, ఆ ఫ్రిజ్జు అవతల పారేయ్. అప్పుడు కబురుపెట్టు, నేనే వచ్చి తెరుస్తాను."

పెద్దక్క తువ్వాలులో మొహం దాచుకుని ఏడ్చింది. ఇన్‌స్పెక్టరుకి జాలి వేసింది. అంతలో ఆ తువ్వాలు చూశాడు. వేసిన జాలి కాస్తా పోయింది. తాళం పెట్టి, లక్క కరిగించి, సీలు వేసి, కాగితం అంటించి మరీ కదిలాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. వంటికి రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేశాడు. అయినా ముక్కులోంచి ఆ కంపు వదల్లేదు. ముందుగదిలో భార్య కుట్టుమిషను దగ్గర ఉంది. పక్కన బడి యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, చూసినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వాన సంగతి విని ఆమె పడీపడీ నవ్వింది. బొద్దింక దగ్గరికొచ్చేసరికి "ఛీ, ఛీ, ఇక చాలు!" అంది. దువ్వెన దగ్గర మిషను ఆగిపోయింది.

"ఏ హోటలండీ అది?"

"మార్కెట్టు వెనక సందులో ఉంది. ఎవరో పెద్దక్క అట."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని స్నానాలగదిలోకి పరిగెత్తింది. ఇన్‌స్పెక్టరు కంగారుగా వెనకే వెళ్ళి వీపు నిమిరాడు.

"వింటేనే ఇలా అయిపోతే ఎలా? అక్కడ తినేవాళ్ళ ఖర్మ అది, మనకేం? నాకు నీ చేతి వంట ఉంది. పద, వడ్డించు. కడుపు ఖాళీ అయిపోయింది."

ఆమె మొహం కడుక్కుంది. అతని కళ్ళల్లోకి చూడకుండా అంది.

"ఇవాళ వంటెక్కడిదండీ? మన వంటింటికి పొద్దున మీరే సీలు వేసి వచ్చారుగా!"