పాదనమస్కారం

"వేసుకో స్వామీ!" అంటూ వనజ చెప్పుల జతను గుమ్మం ముందు విసిరికొట్టింది.

ఒక చెప్పు తులసి కుండీకి తగిలి బోర్లా పడింది. అప్పుడే గోడలు కట్టే బేల్దారి పని నుంచి వచ్చి, చన్నీళ్లు పోసుకుని, నల్ల లుంగీ చుట్టుకుని ఇంట్లోకి అడుగుపెట్టిన గోపాలప్ప వెనక్కి తిరిగాడు. మెడలో అయ్యప్ప మాల. మాల వేసుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. అందుకని పళ్లు మాత్రం కొరికాడు.

"చెప్పులు ఇంట్లోకి తేవద్దని చెప్పినా కదా మాతా."

"ఇంట్లోకి తేలేదే. గుమ్మం అవతలనే ఉండాయి. కండ్లు తెరిచి చూడు స్వామీ."

మాల ఉన్నన్నాళ్లు పెళ్లాం మొగుణ్ణి స్వామీ అనాలి, మొగుడు పెళ్లాన్ని మాతా అనాలి. ఇద్దరూ ఆ మాటల్నే రాళ్లలా విసురుకుంటున్నారు. కె.ఆర్.పురంలోని ఆ వఠారమంతా వినబడుతోంది. పక్కింటి రేణుక అయితే స్టవ్ కట్టేసి మరీ వింటోంది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? షుగర్ ఉన్నోళ్లు వట్టికాళ్లతో తిరగకూడదు అనింది. ఈ మెత్త చెప్పులు ఇంట్లో కూడా వేసుకోమనింది. దినామూ అరికాళ్లు చూసుకోమనింది. అన్నిటికీ తలకాయ ఊపితివి. ఆ తలకాయ ఏడబాయ ఇప్పుడు?"

"ఆయమ్మకేం తెలుసు స్వామి మహిమ? ముందర నాకు అరికాళ్లలో నిప్పులు పోసినట్టు మంట. నిద్ర లేకుండా గోడకు కాళ్లు ఆనించుకుని పండుకుంటా ఉంటిని. ఇప్పుడు ఉండాదా ఆ మంట? కంకర మింద నడుస్తా ఉండా, సెంట్రింగ్ చెక్కల మింద నడుస్తా ఉండా. పూల మింద నడిచినట్టు ఉండాది!"

"పూలంట పూలు! ఏదీ, కాలు చూపించు."

ఆమె వంగబోయింది. గోపాలప్ప గబుక్కున వెనక్కి జరిగాడు.

"ముట్టుకోవద్దు! మాలలో ఉన్నోణ్ణి పెళ్లాం ముట్టుకుంటాదా? బుద్ధి ఉండాదా నీకు?" అని అరిచి, గుర్తొచ్చి, "మాతా," అని చేర్చాడు.

"మాల వేసుకున్నప్పటి నుంచీ ఇదే పాట! నన్ను చూడనీవు, నువ్వు చూసుకోవు. మీ అన్నకు కాలి వేలు మింద చిన్న పుండు కదా లేచింది? మోకాలి దాకా తీసెయ్యలేదా? రేపు నీకూ అట్లే అయితే గోడలెవరు కట్టేది? నీ అయ్యప్ప వచ్చి తాపీ పట్టుకుంటాడా?"

"నోరు కడుక్కో!"

గోపాలప్ప దడదడా నడిచి మూలనున్న పటం ముందుకు పోయి దీపం వెలిగించాడు. అతని వెనకాలే వచ్చిన వనజ నేల చూసి మరింత మండిపడింది.

"గుమ్మం నుంచి ఈడి దాకా కుంకుమ చల్లుకుంటా వచ్చినావే! పొద్దున్నే నడుము విరిగేట్టు తుడిచినా. తుడిచే దానికి ఒకతి ఉండాదిలే అని లెక్క!"

గోపాలప్ప ఆమె మాట చెవిన పడకుండా గొంతెత్తి శరణు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె అంతకంటే గొంతెత్తింది.

"ఏం స్వామీ, రైల్వే స్టేషన్ దాకా వినబడతా ఉండాది మీ భజన!" అంటూ పిల్లప్ప లోపలికి వచ్చాడు. గోపాలప్పకు మాల వేసిన గురుస్వామి ఆయనే. చేతిలో చిన్న పొట్లం ఉంది. "ఇదో, నువ్వు అడిగిన కుంకుమ. నిన్ననే అయిపాయ అంటివి కదా."

వనజ ఆయన ముందు చేతులు జోడించింది. గొంతు మాత్రం దిగలేదు.

"మీరే అడగండి గురుస్వామీ. చెప్పులు వేసుకోడంట. కాళ్లు చూపించడంట."

"నేను మాల వేసిన దినమే చెప్పినా కదప్పా," అన్నాడు పిల్లప్ప గోపాలప్పతో. "రోగం ఉన్నోళ్లు చెప్పులు వేసుకుంటే దోషం లేదని."

"రోగం ఉన్నోళ్లకు కదా గురుస్వామీ! నాకు తగ్గిపాయ. నొప్పి లేదు, మంట లేదు, తిమ్మిరి లేదు. ఇంక రోగం ఏడుండాది?"

పిల్లప్ప గడ్డం గీరుకున్నాడు. పటం వైపు చూశాడు.

"అది కూడా నిజమే. మాతా, ఆయనకే నొప్పి లేదంటే నీకేంది? అయినా దీపం ముందర స్వామిని అంతంత మాటలు అనొచ్చునా? పాదాలకు మొక్కి, తప్పయిందని చెప్పు. మొక్కేదానికి ముట్టుకుంటే దోషం లేదు."

"నేనా? తప్పు నేను చేసినానా?"

"మొక్కు మాతా."

గుమ్మంలో రేణుక నిలబడి చూస్తోంది. వనజ ముఖం ఎర్రబడింది. చీర చెంగు నడుముకు బిగించి, ఢీకొట్టేదానిలా ముందుకొచ్చి, మోకాళ్ల మీద కూలబడింది. మొగుడి రెండు పాదాలనూ పగబట్టినట్టు పట్టుకుంది.

"తప్పయింది స్వామీ!" అని అరిచి, చేతులు కళ్లకద్దుకోబోయి ఆగిపోయింది.

వేళ్లు తడిగా ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి. ఆమె తలెత్తి చూసింది. కుంకుమ పొట్లం పిల్లప్ప చేతిలోనే ఉంది. ఇంకా విప్పనేలేదు.

వనజ అతని కుడికాలును రెండు చేతులా పట్టి పైకెత్తింది.

"ఏంది మాతా, పడదోస్తావా నన్ను?" గోపాలప్ప గోడ పట్టుకుని నవ్వాడు. "సరే, చూసుకో. కండ్లారా చూసుకో. ఏడన్నా నొప్పి ఉండాదేమో నువ్వే చెప్పు!"

అరికాలి నడుమ, సెంట్రింగ్ చెక్కలకు కొట్టే మేకు ఒకటి తల దాకా దిగబడి ఉంది.