ఆడబిడ్డ కొలత

"ఎక్కువుంది. మళ్లీ గీకు" అంటూ ఆడబిడ్డ కొలతల గది కిటికీలోంచి ట్రేని బయటికి తోసింది.

ట్రేలో బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. రేపు పొద్దున అది అత్తగారి వెన్నులో, అరిగిపోయిన రెండు పూసల మధ్య కూర్చోవాలి. కోసింది కోడలు, కొలిచేది కూతురు. ఆడబిడ్డ అర్ధమొగుడన్నవాళ్లు ఇంటి సంగతే చూశారు. ఆ ఆడబిడ్డే ఫ్యాక్టరీలో కొలతల గదికి అధికారైతే, మిగతా సగం కూడా ఆవిడే.

"ఎంత ఎక్కువుంది వదినా?"

"వెంట్రుకలో మూడోవంతు."

"నేను చూసినప్పుడు సరిగ్గా ఉందే."

"నువ్వు చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. కూరలో ఉప్పు కూడా."

కోడలు పళ్లు బిగబట్టి ముక్కని తన మిషన్ దగ్గరికి తీసుకెళ్లింది. మైక్రోమీటరు పెట్టి చూసింది. గీసినట్టు సరిపోయింది. మళ్లీ పంపింది. మళ్లీ తిరిగొచ్చింది.

"వదినా, దీన్ని ఇంకా గీకితే వదులైపోతుంది. అత్తయ్య వెన్నులో కదులుతుంది. కొత్తది చేద్దామంటే ఆ రకం దిమ్మె ఇంకోటి లేదు. ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఇప్పటికే ఆవిడ కూర్చుంటే లేవలేకపోతున్నారు."

"గీకకపోతే పట్టదు. బలవంతంగా దూరిస్తే ఎముక పగుల్తుంది. మా అమ్మ ఎముక."

"అవును, మీ అమ్మే. నాకు పక్కింటావిడ. రోజూ నడుముకి మందు రాస్తున్నది సరదాకి."

చుట్టుపక్కల వాళ్లు మిషన్లు ఆపి మరీ విన్నారు. టికెట్టు లేని ఆట ఎవరికి చేదు?

యజమాని వచ్చాడు. కోడలి బల్ల మీద కొలిచాడు, సరిగ్గా ఉంది. ముక్కని లోపలికి పంపి, కాసేపాగి వెళ్లి, ఆడబిడ్డ చేతిలోంచి తీసుకుని కొలిచాడు. ఎక్కువుంది. మైక్రోమీటర్లు అటూ ఇటూ మార్చి చూశాడు. అక్కడ ఒప్పు, ఇక్కడ తప్పు. బుర్ర గోక్కున్నాడు.

"కొలతల గది మాటే ఆఖరి మాట. గీకెయ్యమ్మా. ఆస్పత్రి బండి వచ్చే వేళయింది" అని అక్కణ్నుంచి జారుకున్నాడు. వదినామరదళ్ల మధ్య తీర్పు చెప్పి బాగుపడ్డవాడు ఎక్కడా లేడు.

కోడలు అత్తగారిని తలుచుకుంది. కన్నతల్లి కాకపోయినా కడుపునిండా తిన్నావా అని అడిగే మనిషి. ఆ మనిషి వెన్నుని తన చేత్తోనే పాడు చేయాలా? కిటికీ దగ్గర నిలబడింది. ట్రే ఎంతకీ రాలేదు. అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది.

లోపల ఆడబిడ్డ కొలవడం లేదు. చేతి తొడుగులు విప్పి పక్కన పడేసింది. ముక్కని రెండు అరచేతుల మధ్య దాచుకుని, గుండెకి అదుముకుని, కళ్లు మూసుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. చెంపలు తడిసి ఉన్నాయి. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, ముక్కని అలాగే తీసుకెళ్లి మైక్రోమీటరులో పెట్టింది.

ఈ ప్లాస్టిక్ వెచ్చబడితే ఉబ్బుతుందనీ, వట్టి చేత్తో ముట్టుకోవద్దనీ ఫ్యాక్టరీలో అందరికీ క్లాసు పీకేది ఆవిడే. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందంటారు. ఇక్కడ ఆ పని ఆడబిడ్డ చేసింది.

కోడలికి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఎక్కువే ఉంది" అంది ఆడబిడ్డ, తల తిప్పకుండా, బొంగురు గొంతుతో.

"దాన్ని బల్ల మీద పెట్టి కాస్త చల్లారనివ్వండి వదినా" అంది కోడలు. "అంతగా పట్టుకోవాలనిపిస్తే, ఇదిగో నా చెయ్యి."