పోటు వేళ

గ్రహణం పట్టిన రాత్రి, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, నాచారం ల్యాబులో రాజశ్రీ ఒక్కతే ఉంది. చంద్రగ్రహణానికి గోదావరి మొగలో, అంటే నది సముద్రంలో కలిసేచోట, నీళ్లు మారతాయా అన్నది ఆమె తేల్చాలి. అక్కడ పడవ మీద నాన్న చిదంబరం గంటగంటకూ నీటిలో ఉప్పు కొలిచి ఫోనులో చెబుతున్నాడు. ఇక్కడ పోల్చుకోవడానికి ఆమె గ్లాసుడు కుళాయి నీళ్లలో మీటరు ముంచి పెట్టుకుంది.

పదకొండింటికి ఫోను మోగింది.

"తల్లీ, తొమ్మిదిన్నరకే పోటు రావాలి. ఇంకా రాలేదు. నీళ్లు వెనక్కే పోతున్నాయి. పడవ బురదలో కూర్చుంది."

"గ్రహణానికి పోటు ఆగదు నాన్నా. ఉప్పెంతుంది?"

"లేదు. తాగి చూశాను, మంచినీళ్లే."

అతని వెనక ఎప్పుడూ వినిపించే అలల హోరు ఈ రాత్రి లేదు.

రాసుకోబోతూ ఆమె గ్లాసు వైపు చూసింది. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ముప్పై దాటింది. మీటరు పాడైందనుకుని వేలు ముంచి నాలుక్కి తాకించుకుంది. ఉప్పు.

అప్పుడే కింద నుంచి వాచ్‌మన్ అబ్బయ్య ఇంటర్‌కమ్‌లో పిలిచాడు.

"మేడం, గేటు కాడికి నీళ్లొచ్చినయ్. వాన గూడ పడలే గద?"

"పైపు పగిలిందేమో, అబ్బయ్యా."

అతని గొంతు వెనక హోరు వినిపిస్తోంది.

"పైపు గాదు మేడం. ఉప్పల్ దిక్కుకెల్లి వస్తున్నయ్, మల్ల పోతున్నయ్. వచ్చినప్పుడల్లా ఒక్కో మెట్టు ఎక్కుతున్నయ్."