పొడి పీట

తీగలు పోయి గోడలే కరెంటు మోసే ఇళ్ళు వచ్చాక, వానాకాలంలో అందరూ పొడి చెక్కపీట మీద నిలబడే వంట చేసేవారు. ఆ ముసురు రోజు, పనిమనిషి పైడమ్మ చెమ్మగిల్లిన గోడను తాకి అతుక్కుపోయింది. పీట మీద వంట చేస్తున్న కోడలు దేవయాని చేతికి చీపురుకర్ర అందింది కానీ, అది తడిసిపోయింది. తడి కర్ర కరెంటును ఆపదు. అందుబాటులో పొడిగా ఉన్నది తన కాళ్ళ కింది పీట ఒక్కటే. దానితో పైడమ్మను నెట్టాలంటే తను తడి నేల మీదకు దిగాలి. దేవయాని దిగలేదు.

అత్తగారు పరుగున వచ్చి, తడి నేల మీదే నిలబడి, పొడి దుప్పటి చుట్టి పైడమ్మను లాగేసింది.

పైడమ్మ తేరుకుని, "నాకోసం పీట దిగిపోతారేటోనని బయమేసిందమ్మా. దిగనేదు, మంచిదైంది," అంది.

దేవయాని ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది.