మంచు దువ్వే బండి

లంబసింగి కొండకు స్కీయింగు కోసం యంత్రాలతో మంచు పరచడం మొదలై పదేళ్లయింది. ఆ మంచును ఇనుప పళ్లతో దువ్వి చదును చేసే బండిని పాంగి సుభద్ర నడిపేది. పొద్దున జనం రాకముందే వాలంతా దువ్వి దిగిపోవడం ఆమె పని. మధ్యాహ్నానికి గతుకులు పడుతున్నాయని స్కీయింగుకు వచ్చేవాళ్లు సణగడంతో, జనం జారుతుండగానే బండి నడపమన్నాడు మేనేజరు కామేశం.

మొదటిరోజే ఒక చిన్నపిల్ల పట్టు తప్పి జారి, బండి పళ్లకు మూరెడు దూరంలో పడింది. సుభద్ర బ్రేకు తొక్కి, కిందికి దూకి, వణుకుతున్న పిల్లను ఎత్తుకుంది. వెనకనుంచి జారుకుంటూ వచ్చినాయన కళ్లద్దాలు పైకెత్తాడు.

"మధ్యలో ఆపేశావేంటమ్మా? ఇక్కడంతా గడ్డలు కట్టింది, చూడు."

పిల్ల ఆయనవైపు చేతులు చాచింది. "నాన్నా!"

సుభద్ర పిల్లను ఆయనకు అందించింది. అంతలో కిందనుంచి ఇదంతా చూస్తున్న కామేశం ఫోను చేశాడు. "పిల్లకేం కాలేదుగా? పోనీ బండి."

"మనుషుల మీంచి దువ్వమంతావేటి బాబూ? థూ! నానొల్లను."

బండిని వాలుకు అడ్డంగా పెట్టి, తాళంచెవి తీసేసుకుంది. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది. కానీ ఆ పూట దారి మూసుకుపోయి, ఆ తండ్రి స్కీలు విప్పి, కూతుర్ని ఎత్తుకుని నడిచి దిగక తప్పలేదు.